విశ్వవిద్యాలయాలు కలిస్తే జట్ల సంగతేమిటి?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా అమ్మాయి బరువులెత్తుతుంది. 2000లో సిడ్నీ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది పక్కనున్న ఊసవానిపేటే మరి! విద్యార్థులు తగ్గారని అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను కలిపేశారట. రేపు మన ఎచ్చెర్ల విశ్వవిద్యాలయాన్నీ కలిపేస్తే ఆటల పిల్లల గతేమిటండీ?

జవాబు 1: అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2022లో కాలిఫోర్నియా (ఆ పేరు రాష్ట్రం కాదు, అక్కడి ఊరు), క్లారియన్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాలు కలిసి పెన్‌వెస్ట్ అనే ఒకే విశ్వవిద్యాలయం అయ్యాయి. అయినా మూడు ప్రాంగణాల జట్లూ పాత పేర్లతో విడివిడిగానే కొనసాగాయి. కంగారు పడకండి.

జవాబు 2: ఎందుకు పడకూడదు? అక్కడి క్రీడా సంఘం ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది. మన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయానికి ఒకటే కబడ్డీ జట్టు. రెండు కలిస్తే సగంమంది ఇంటికే. నేను ఆడే రోజుల్లో జట్టులో చివరిదైన ఆ పన్నెండో చోటు కోసం ఎంత కొట్టుకున్నామో!

అడిగినవారు: ఈ మాట అమ్మాయికి చెప్పలేదు. తెల్లవారుజామున సాధన ఉంది, పడుకుంది.