బస్తీల ఖాళీ జాగల కూరగాయల తోట పెట్టాలనుకుంటున్నం, మట్టి నీళ్ల గురించి తెలిసినోళ్లు చెప్పండి

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్తే. మాది నల్లగొండల పానగల్ రోడ్డు వైపు ఒక బస్తీ. ఇండ్ల మధ్యల లేఅవుట్ల పార్కు కోసమని విడిచిన జాగ ఉన్నది, సుమారు నాలుగు గుంటలు ఉంటది, పార్కు మాత్రం ఎన్నడు కాలే. ఇండ్లు కూలగొట్టిన ఇటుకలు, పెంకులు, ప్లాస్టిక్ కవర్లు అన్ని తెచ్చి అక్కడనే పోస్తున్నరు, వానలు పడితే నీళ్లు నిలిచి దోమలు. మా కాడ ఎక్కువ కూలికి పోయేటోళ్లే, అంగడి రోజు తెచ్చిన ఆకుకూర రెండు రోజులకు వాడిపోతది, తర్వాత పప్పు పచ్చిపులుసే. అందుకే కొన్ని కుటుంబాలు కలిసి ఆ జాగ సాఫ్ చేసి కూరగాయలు పెడదామని మాట్లాడుకున్నం. జాగ మనది కాదు కదా, ఎవర్ని అడగాలె? అసొంటి మట్టిల పండింది తినొచ్చా? ఇంకోటి, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది, ఆ నీళ్లు పారిస్తే కూరలకు వస్తదేమో అని మా అత్తమ్మ భయపడుతున్నది, ఆమె ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగింది, మోకాళ్లు వంగవు, కింద కూసోలేదు. మిరుగు (మృగశిర కార్తె) వచ్చేలోపు మొదలు పెట్టాలని ఉన్నది, జెర చెప్పండి.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అక్కా, మంచి పని పెట్టుకున్నరు. గింజల గురించి తర్వాత, ముందు జాగ కాగితం చూడుండ్రి. పర్మిషన్ ఉన్న లేఅవుట్ అయితే పార్కు కోసం విడిచిన జాగ మున్సిపాలిటీ పేరు మీద గిఫ్ట్ డీడ్ అయి ఉంటది, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌ల లేఅవుట్ కాపీ చూపియ్యమని అడగండి. మున్సిపాలిటీదే అని తేలితే పని సులువు, ఎందుకంటే 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంల బడ్జెట్ల 10 శాతం పచ్చదనానికి పెట్టాలని రాసి ఉన్నది, వార్డు కమిటీలు కూడ అదే చట్టంల ఉన్నయి. అర్జీల జాగ మాకియ్యండి అని రాయొద్దు. జాగ మీదే, చెత్త మీరు ఎత్తియ్యండి, మేము పచ్చగ పెంచుతం, మళ్ల చెత్త పడకుంట చూసుకుంటం అని రాయండి, కింద అందరి సంతకాలు పెట్టి రిసీవుడ్ ముద్ర ఏయించుకోండి. ప్రైవేటు ప్లాటు అని తేలితే మాత్రం ఓనరు భయమంతా రేపు ఖాళీ చెయ్యరేమో అనే, కాబట్టి 11 నెలల కాగితం రాసుకోండి, గోడ గిట్ల ఏం కట్టకండి.

ఇంక మట్టి. ఆ నేలల డైరెక్టుగ ఆకుకూర పెట్టకండి, నేను గట్టిగ చెప్తున్న. ఇండ్లు కూలగొట్టిన చెత్తల పాత పెయింట్లు ఉంటయి, పక్కన మెకానిక్ షెడ్డో బ్యాటరీల దుకాణమో ఉంటే సీసం (లెడ్ అనే విషపు లోహం) దిగి ఉంటది, మామూలు మట్టి పరీక్షల పీహెచ్, ఉప్పు, నత్రజని, భాస్వరం, పొటాష్ చూస్తరు గని సీసం చూడరు. సీసం ఆకుకూరలకు, ముల్లంగి క్యారెట్ లాంటి గడ్డలకు ఎక్కువ ఎక్కుతది, బెండ వంకాయ బీర లాంటి కాయలకు తక్కువ. అందుకని నేల మీద మడులు లేపుండ్రి. క్యూబాల 1991 తర్వాత సోవియట్ నుంచి డీజిల్, ఎరువులు బందయినప్పుడు హవానా పట్నంల ఖాళీ ప్లాట్లల్ల ఇట్లనే చేసిండ్రు, నేల పనికిరాని కాడ చుట్టూ అంచు కట్టి మంచి మట్టి, ఎరువు నింపి కూరగాయలు పండించిండ్రు, వాటిని ఆర్గానోపోనికోలు అంటరు. మీ జాగల పడ్డ ఇటుకలే అంచుకు పనికొస్తయి, కడిగి పేర్చుండ్రి, ఇంకో పక్క చెత్త కూడ తగ్గుతది. పాత సిమెంటు రేకులు మాత్రం ముట్టకండి, వాటిల ఆస్బెస్టాస్ ఉంటది, పగలగొడితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పోతది, మున్సిపాలిటీ వాళ్లనే తియ్యమనుండ్రి.

మడి వెడల్పు నాలుగు అడుగులు దాటొద్దు, రెండు దిక్కుల నుంచి చెయ్యి అందాలె, లోపల కాలు పెట్టి తొక్కితే మట్టి గట్టిపడతది. ఎత్తు అడుగు నుంచి అడుగున్నర. మీ అత్తమ్మ గురించి చదివినంక ఒకటి తోచింది, రెండు మడులు రెండడుగుల ఎత్తు లేపి అంచు మీద బండ ఏస్తే ఆమె దాని మీద కూసొని కలుపు తీస్తది, ఆకు కోస్తది, మోకాలు వంచే పని లేదు. ఆ మడుల కాడ దారి మూడడుగులు విడువుండ్రి. నల్లగొండల ఫ్లోరైడ్‌తోని నడుము వంగిన పెద్దోళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు, వాళ్లకు అందని తోట బస్తీ తోట ఎట్లయితది?

నింపేందుకు చెరువు పూడిక మట్టి సగం, మాగిన పశువుల ఎరువు పావు, మిగిలింది వరి ఊక. మిర్యాలగూడ రైస్ మిల్లులు దగ్గరనే కాబట్టి ఊకకు కొదువ ఉండదు. మిల్లు బూడిద ఎక్కువ కలపకండి, అది క్షారం, మన నీళ్ల గుణం కూడ అదే.

జవాబు (నల్లగొండ నుంచే, మెప్మా అంటే పట్నం పేదల మహిళా సంఘాలు చూసే సర్కారు సంస్థ, దాని సంఘంల పనిచేసే అక్క)

చెల్లె, అర్జీ సంఘం తరపున పెట్టు, మీ ఆర్పీని (సంఘాలను చూసుకునే రిసోర్స్ పర్సన్‌ను) ఎంట తీస్కపో, ఒక్కదానివి పోతే రేపు రా అంటరు. మట్టి పరీక్షకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంల అడుగు. పూడిక మట్టి లోడు రాంగనే పరీక్షకు నమూనా తియ్యాలె, నాలుగైదు చోట్ల జానెడు లోతు తీసి కలిపి, రాళ్లు ఏరి, నీడల ఆరబెట్టి అర కిలో బట్ట సంచిల పోసి ఇయ్యి.

ప్రశ్న అడిగినామె

చానా థాంక్స్ అన్నా, అక్కా. అత్తమ్మకు కూసునే మడి గురించి చదివి వినిపించిన, సంబరపడ్డది. నీళ్ల సంగతి కూడ చెప్పుండ్రి, అదే పెద్ద భయం. స్నానాల నీళ్లు మోరీల పోతున్నయి కదా, అవి పెట్టొచ్చా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

ఫ్లోరైడ్ మన గ్రానైట్ రాళ్లల్ల నుంచి కరిగి బోరు నీళ్లల్లకు వస్తది. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే దారి లేకుంటే 1.5 దాంక. చెట్టు వేర్లు ఫ్లోరైడ్‌ని తక్కువనే గుంజుతయి, ఆకుల్ల కొంత ఎక్కువ, కాయల్ల తక్కువ. అసలు దెబ్బ ఆ నీళ్లు తాగుడు తోని, వాటితోనే వండుడు తోని తగులుతది. కాబట్టి అన్నం, పప్పు, చాయ్ అన్నిటికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడుండ్రి. బోరు నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కగ అయితది, ఇది మీ బస్తీల ప్రతి ఇంట్ల చెప్పుండ్రి. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ బయటికి పోతదని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరీక్ష చేసి చెప్పిండ్రు, మీ పచ్చిపులుసు మంచిదే. కాల్షియం తక్కువున్న ఒంటికి ఫ్లోరైడ్ ఎక్కువ చెరుపు చేస్తది, అందుకే తోటల మునగ, తోటకూర తప్పకుంట ఉండాలె.

తోటకు వచ్చే చిక్కు ఇంకోటి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లల్ల సోడియం బైకార్బనేట్ కూడ ఎక్కువుంటది, అవే నీళ్లు ఏండ్ల తరబడి పారిస్తే మట్టి సిమెంటు లెక్క గట్టిపడి నీళ్లు ఇంకవు. దానికి జిప్సం, ఎరువు ఎక్కువ ఏసుడు, మధ్యమధ్యల వాననీళ్లు. వాననీళ్ల లెక్క ఇట్లుంటది, వంద గజాల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్ల పైన నీళ్లు దిగుతయి, అటిటు పోయినా 600 చేతికొస్తయి. జాగ పక్కన ఉన్న రెండు మూడు ఇండ్ల స్లాబుల పైపులు డ్రమ్ములకు కలుపుండ్రి, మొదటి వాన విడిచిపెట్టుండ్రి, దుమ్ము కడుక్కపోతది. డ్రమ్ముకు మూత, మూత కింద సన్న జాలి ఉండాలె, లేకుంటే డెంగ్యూ దోమలను మనమే పెంచినట్టు. ఆ నీళ్లు ఆకుకూర మడులకు, బోరు నీళ్లు బెండకు, బీరకు. భగీరథ నల్లాకు పైపు పెట్టి తోట తడిపితే మాత్రం తప్పు, కింది ఇంటోళ్లకు తాగనీకి రావు, కొట్లాట అక్కడనే మొదలయితది.

స్నానాల నీళ్లు కూరగాయలకు వద్దు, ముఖ్యంగ పచ్చిగ తినే కొత్తిమీర, పుదీనకు. కంకర, ఇసుక నింపిన గుంతల నుంచి దాటిచ్చి అరటికి, బొప్పాయి మొదట్లకు పెట్టొచ్చు. లెట్రిన్ నీళ్లు అందుల కలవొద్దు.

ప్రశ్న అడిగినామె

ఇది మొత్తం రాసుకున్న అన్నా. ఒకాయన అంటున్నడు, కాయ కాసినంక రాత్రికి రాత్రి ఎవరన్న తెంపుకపోతరు, అప్పుడు అందరు ఇడిసిపెడతరు అని. ఎట్ల పంచుకోవాలె?

జవాబు (మెప్మా అక్క)

అందరిది అంటే ఎవ్వరు నీళ్లు పొయ్యరు చెల్లె, ఇది మాత్రం రాసిపెట్టుకో. ఇంటికో మడి పేరు పెట్టి ఇయ్యి, ఎవల మడిల పండింది వాళ్లదే. చుట్టూ గట్టు మీద మునగ, కరివేపాకు, సీతాఫలం పెట్టి అది మాత్రం దారిన పోయేటోళ్లు కూడ తెంపుకోవచ్చు అని బోర్డు పెట్టుండ్రి, బాలానగర్ రకం సీతాఫలం మన దిక్కుదే, నీళ్లు తక్కువున్నా బతుకుతది. బయటోళ్లకు కూడ ఇంత దొరికితే లోపల చెయ్యి పెట్టుడు తక్కువయితది. తోట మొత్తం రెండు గుంటలకు మించొద్దు, మిగిలిన దాంట్ల పిల్లలు ఆడుకోనీకి, ముసలోళ్లు కూసోనీకి రెండు బండలు, ఒక వేపచెట్టు. ఏప్రిల్, మేల కొందరు ఊర్లకు పోతరు, అప్పుడు ఎవలు నీళ్లు పొయ్యాలెనో వంతులు ఇప్పుడే రాసుకోండి, మన ఎండలకు నాలుగు రోజులు నీళ్లు లేకుంటే తోట పోయినట్టే. 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ ఆ రెండు నెలలకు చాలు.

ప్రశ్న అడిగినామె

సరే అక్కా, సోమవారం అర్జీ పట్టుకొని పోతున్నం, ఆర్పీ మేడం కూడ వస్త అన్నది. మిరుగుకు ముందుగాల ఏమేం ఎయ్యాలెనో చెప్పుండ్రి, పిల్లలు రోజు అడుగుతున్నరు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

మొదలు తోటకూర, పుంటికూర చల్లుండ్రి, తోటకూర నెల లోపల కోతకొస్తది, మడి తీసుకున్నోళ్లకు నమ్మకం కుదురుతది. బెండ, గోరుచిక్కుడు, బీర, సొర గింజలు డైరెక్టుగ పెట్టుండ్రి, తీగలకు కట్టెలు ఇప్పుడే పాతుకోండి. వంకాయ, టమాట, మిరప నారు పక్కన పోసుకొని నెలకు నాటుండ్రి. పాలకూర, మెంతం కూర, కొత్తిమీర బతుకమ్మ దాటినంక ఏస్తే మంచిగ వస్తయి, ఎండల ఏస్తే తొందరగ పూతకొస్తయి. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి నీళ్లల్ల పులియబెట్టింది) ఎకరానికి 200 లీటర్లు అంటరు, ఆ లెక్కన గుంటకు 5 లీటర్లు, మీకు ఒక బకెట్ సరిపోతది, రెండు వారాలకొకసారి నీళ్లల్ల కలిపి పొయ్యుండ్రి. పేనుబంక వస్తే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టుండ్రి. బెండ గింజలు పెట్టే ముందు రాత్రి నానబెట్టుమని పిల్లలకు చెప్పుండ్రి, ఆ పని వాళ్లకే అప్పజెప్పుండ్రి.