‘మంగళవార్త జపం’లో వార్త అంటే కబురా, పలుకా?

ప్రశ్న: జ్ఞానాపురం
డిసెంబరు 8న విశాఖలోని రాస్ కొండ మీద జరిగే మరియమ్మ పండుగకి చిన్న కతోలిక జపమాల పుస్తకం అచ్చు వేస్తున్నాం. చివర పాత మాటలకి అర్థాలు ఇస్తున్నాం, అక్కడ ఒక చిక్కు వచ్చింది. ‘దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము’ అని మొదలయ్యే ప్రార్థన పేరు మంగళవార్త జపం. యేసుని కంటావని దూత మరియమ్మకి చెప్పిన సందర్భానికి మార్చి 25న వచ్చే పండుగా మంగళవార్తే. జపమాల చెబుతూ ధ్యానించే ఘట్టాలైన దేవరహస్యాల్లో, సంతోష దేవరహస్యాల మొదటిదీ అదే. మూడింటికీ ‘శుభమైన కబురు’ అని ఒకే అర్థం రాసేయొచ్చా? జపంలో చూస్తే కబురేదీ కనబడదు, పలకరింపే ఉంది.

జవాబు: పెదవాల్తేరు
సరైన చోటే ఆగారండీ. పండుగకి కబురు సరిపోతుంది, జపానికి సరిపోదు. జపం మొదటి సగం లూకా సువార్త ఒకటో అధ్యాయంలోని రెండు పలకరింపుల అతుకు. 28వ వచనంలో గాబ్రియేలు దూత అన్నది ఒకటి, 42వ వచనంలో ఎలిసబేతమ్మ అన్నది ఇంకొకటి. ‘గర్భం ధరిస్తావు, కొడుకుని కంటావు’ అనే అసలు కబురు 31వ వచనంలో ఉంది, అది జపంలోకి రానే లేదు. ‘పరిశుద్ధ మరియమ్మా’ నుంచి ఉన్న వేడికోలు తర్వాత చేరింది. ఇప్పుడు మనం చెప్పే రూపం రోము ప్రార్థన గ్రంథంలో 1568లో స్థిరపడింది.

మరి ‘వార్త’ ఎక్కణ్ణించి వచ్చింది? తమిళం వైపు చూడాలి. అక్కడి కతోలికుల్లో ఈ ప్రార్థనకి ‘మంగళ వార్త్తై సెబం’ అని పాత పేరు. తమిళంలో వార్త్తై అంటే మాట, పలుకు. అదే సంస్కృత పదం మన దగ్గర కబురుగా స్థిరపడింది. 18వ శతాబ్దం మొదట్లో కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు నేలకి వచ్చిన ఫ్రెంచి యేసుసభ (జెసూట్) గురువులకి అంతకు ముందే మదురైలో నడిచిన మిషనే నమూనా. దేవదూతకి మన పాత పుస్తకాల్లో కనిపించే ‘సన్మనస్కుడు’ కూడా తమిళ ‘సమ్మనసు’కి తోబుట్టువే. ప్రార్థన మొదటి వాక్యం పక్కపక్కన పెట్టి చూడండి. పాత తమిళ పాఠం ‘ప్రియదత్తత్తినాలే పూరణ మరియాయే వాళ్గ’. మనది ‘వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము’. ‘చేత’, ‘నిండిన’, పిలుపు, వందనం, అన్నీ అదే వరసలో ఉన్నాయి. అందుకే ఈ పేరు తమిళం మీదుగానే వచ్చిందని నా నమ్మకం. మంగళవార్త జపం అంటే శుభమైన పలుకుతో చేసే జపం. 1846లో ఆనెసీ నుంచి విశాఖకి ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు వచ్చేసరికే దక్షిణాదిలో ఈ మాటల సంచి తయారుగా ఉంది.

జవాబు: గాజువాక
మాస్టారూ, పుట్టుక విషయంలో మీతో ఏకీభవిస్తాను. అర్థాల పట్టికలో మాత్రం ఒక్క ‘పలుకు’ అని రాస్తే చదివేవాళ్ళు తికమకపడతారు. పక్కనే ‘సువార్త’ ఉంది, అక్కడ వార్త ముమ్మాటికీ కబురే. మూడో వాడుక కూడా ఉంది చూడండి. ‘పది మంగళవార్తలు చెప్పండి’ అంటాం. బహువచనం వచ్చిందంటే అక్కడ అది ప్రార్థన పేరే, కబురూ కాదు, పలుకూ కాదు. కాబట్టి మూడు వరుసలు విడివిడిగా ఇవ్వండి.

లెక్క కూడా ఇస్తే జాగ్రత్త. నిఘంటువులో ‘జపమాల’ దగ్గర 108 పూసలని ఉంటుంది, దాన్ని ఎత్తి రాయకండి. మన మాలకి 59: మంగళవార్తలకి 53, పరలోక జపాలకి (యేసు నేర్పిన ప్రార్థనకి) 6. చాలామంది 50 అని వేస్తారు, సిలువ దగ్గర వేలాడే మూడింటిని మరిచిపోతారు. అవి విశ్వాసం, నిరీక్షణ, ప్రేమల కోసం చెప్పేవి. ఐదేసి దేవరహస్యాల చొప్పున మూడు మాలలు చెబితే, ఆ మూడేసి కాకుండా, 150 మంగళవార్తలు. బైబిల్లో కీర్తనలూ 150. చదువు రానివాళ్ళకి కీర్తనలకి బదులుగా వచ్చిన లెక్క అది. 2002లో రెండో జాన్ పాల్ పాపుగారు వెలుగు దేవరహస్యాలు ఐదు చేర్చాక నాలుగు మాలలు, 200.

జవాబు: భీమిలి
‘వందనము’ మీద ఒక్క మాట. ప్రొటెస్టెంటు బైబిల్లో ఇదే వచనం ‘దయాప్రాప్తురాలా నీకు శుభము’. గ్రీకు మూలంలో ఉన్న ‘ఖైరే’ అక్షరాలా ‘సంతోషించు’, వాడుకలో పలకరింపు. శుభము పెద్దలు చిన్నవాళ్ళకైనా చెప్పొచ్చు. వందనము కింద ఉన్నవారు పైవారికి పెట్టేది. దూత చేత ఒక పల్లెటూరి పిల్లకి వందనం చెప్పించడంలో అనువదించినవారి భక్తి మొత్తం కనిపిస్తుంది.

ఇంకొకటి, మీ–నీ తేడా. పోతన, అన్నమయ్య దేవుణ్ణి ‘నీవు’ అనే పిలిచారు, కోస్తా ఇళ్ళలో అమ్మని ‘నువ్వు’ అనే అంటాం. కతోలిక జపంలో మాత్రం ‘ఏలినవారు మీతో ఉన్నారు’, ‘ప్రార్థించండి’. పాత తమిళంలో ఇక్కడ ‘ఉమ్ముడనే’ అని ఉంది, ‘నీ’కి ‘మీ’కి మధ్యస్థపు మన్నన అది. వాడుక తెలుగులో ఆ మధ్య మెట్టు లేదు, అందుకే పైమెట్టు ఎక్కించారని అనుకుంటాను. దయచేసి పుస్తకంలో దీన్ని ‘నీ’గా మార్చకండి. వందలమంది కలిసి చెప్పేటప్పుడు ఒక్క అక్షరం మారినా వరస తెగుతుంది.

మళ్ళీ జ్ఞానాపురం
చాలా ఉపకారం చేశారు. ఇంకొక్కటి. ముందు చెప్పేవారికి, అందుకునేవారికి మధ్య గీత ఎక్కడ పెట్టాలి? లాటిన్‌లో మొదటి సగం ‘యేసు’ పేరుతోనే ముగుస్తుందట కదా?

జవాబు: పెదవాల్తేరు
అవునండీ. లాటిన్‌లో చిట్టచివరి మాట యేసు. ఆ పేరే రెండు సగాలనీ కలిపే కీలు అని, వెలుగు దేవరహస్యాలు చేర్చిన 2002 లేఖలోనే పాపుగారు రాశారు. తెలుగులో క్రియ చివరికి పోతుంది గనక ‘మీ గర్భఫలమగు యేసు’ తర్వాత ‘ఆశీర్వదింపబడు’ అనే క్రియ మిగులుతుంది. గీత పేరు దగ్గర పెడితే అందుకునేవాళ్ళు తొందరపడి ‘పరిశుద్ధ మరియమ్మా’ ఎత్తుకుంటారు, ఆ క్రియ గొంతుల్లో కలిసిపోతుంది. క్రియ పూర్తయ్యాకే గీత పెట్టండి, ఆ వాక్యాన్ని రెండు పేజీల మధ్య విరవకండి.

కొన్ని దేశాల్లో ఆ పేరు పక్కన దేవరహస్యాన్ని గుర్తుచేసే ముక్క కలుపుతారు. వాళ్ళ భాషల్లో అది పేరు తర్వాత వస్తుంది. మన భాషలో ముందు రావాలి: ‘మీరు ఎలిసబేతమ్మ ఇంటికి మోసుకెళ్ళిన, మీ గర్భఫలమగు యేసు’. ‘యేసు, ఎవరినైతే మీరు మోసుకెళ్ళారో’ అని రాస్తే అది తెలుగు కాదు. గుంపుగా చెప్పేటప్పుడు ఈ ముక్క వద్దు, ఊపిరి చాలదు. ఒంటరిగా చెప్పుకునేవారికి కింద చిన్న అక్షరాల్లో ఇస్తే చాలు.