డాక్యుమెంటరీని ‘యథార్థ చిత్రం’ అనొచ్చా?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తీసిన డాక్యుమెంటరీల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘యథార్థ చిత్రం’ అని హాయిగా రాసుకుంటూ పోయి, దర్శకుడు హంఫ్రీ జెన్నింగ్స్ ‘ఫైర్స్ వర్ స్టార్టెడ్’ (1943) దగ్గర ఇరుక్కున్నాను. బాంబుదాడి జరిగిన ఒక రాత్రి లండన్ రేవుల దగ్గర ఫైర్‌మెన్ పడ్డ పాట్లు అందులో కథ. తెర మీద ఉన్నవాళ్లు నిజం ఫైర్‌మెనే. కానీ భారీ దాడులు 1941 మేలోనే తగ్గాయి, షూటింగ్ 1942లో. అందుకని బాంబులకు పాడైపోయిన గోదాముల్లో కావాలనే నిప్పు పెట్టి తీశారు. పాత్రల పేర్లూ కల్పితమే. మనుషులు నిజం, పని నిజం, ఆ రాత్రి మాత్రం అల్లింది. దీన్ని యథార్థం అని ఎలా రాయను?

— ‘వృత్తచిత్రం’ అనండి. హిందీవాళ్లు అదే వాడతారు.

— అలా రాస్తే మనవాళ్లు గుండ్రటి బొమ్మ అనుకుంటారండీ!

— నవ్వకండి మాస్టారూ. వృత్తం అంటే జరిగినది అనే అర్థం కూడా ఉంది. ‘వృత్తాంతం’లో ఉన్నది అదే కదా. జరిగినదాన్ని చెప్పడం వేరు, జరుగుతుండగా పట్టుకోవడం వేరు. బ్రిటిష్ డాక్యుమెంటరీకి ఆద్యుడైన జాన్ గ్రియర్సన్ కూడా డాక్యుమెంటరీ అంటే వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడం అన్నాడు. ‘యథార్థం’లో ఆ మలచడానికి చోటేదీ?

— మా ఊరి హాల్లో సినిమాకి ముందు ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వాళ్లది ఏది వేసినా ‘న్యూస్ రీలు’ అనేవాళ్లం. “న్యూస్ రీలేగా, టీ తాగొద్దాం” అని బయటే నిలబడేవాళ్లం. వార్తాచిత్రం అంటే సరిపోదా?

— సరిపోదండీ. జెన్నింగ్స్‌దే, స్టీవర్ట్ మెకలిస్టర్‌తో కలిసి తీసిన ‘లిసన్ టు బ్రిటన్’ (1942) చూడండి. దాదాపు 20 నిమిషాలు. కథ నడిపే వ్యాఖ్యానం లేదు. క్యాంటీన్లో పాట, ఫ్యాక్టరీ మోత, నేషనల్ గ్యాలరీలో మైరా హెస్ పియానో మీద మోజార్ట్, వింటున్న జనంలో రాణి. ఇందులో వార్త ఏముంది?

వృత్తాంతం వాదన నాకు నచ్చింది. అయినా పాఠకుడు తడబడతాడని ‘డాక్యుమెంటరీ’ అనే ఉంచేశాను. ఇప్పుడు ఆ మంటలు మళ్లీ పెట్టి తీయడం ఉంది చూశారూ, దానికి ‘పునర్నటన’ అంటే స్టేజీ నాటకంలా వినిపిస్తోంది. వేరే మాటేమైనా ఉందా?