రీళ్లా, రీల్సా?

కావలి దగ్గర మా ఊళ్లో పాత ఇంటికి సున్నం కొట్టిస్తూ అటక దులిపితే నా ఆరో తరగతి జామెట్రీ బాక్సు బయటపడింది. అందులో వృత్తలేఖిని లేదు (అప్పుడూ లేదు). 11 ఫిలిం ముక్కలున్నాయి. ఎండకు పెట్టి చూస్తే చెట్టూ పుట్టా, ఎన్టీఆర్ ముఖం, అన్నీ కుంకుమ నీళ్లలో ముంచినట్టు ఎర్రగా ఉన్నాయి. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి రంగు ముందే వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది.

మా అమ్మాయిని పిలిచి "ఇవి రీళ్లు" అన్నాను. "రీల్స్ అనాలి నాన్నా" అని దిద్దింది. అందుకే ఈ పోస్టు.

స్కూలు స్కూళ్లయింది, రైలు రైళ్లయింది, హోటలు హోటళ్లయింది. రీలు కూడా అలాగే రీళ్లయి, కాళ్లూ వేళ్లతో పాటు ఒకే బంతిలో కూర్చుంది. ఇప్పుడు ఫోనులోకొచ్చిన మాట మాత్రం "స్" తగిలించుకునే దిగింది. పైగా "ఒక రీల్స్ చేశా" అంటున్నారు!

మా టూరింగ్ టాకీసులో సెన్సార్ సర్టిఫికెట్ పడగానే అందరి కళ్లూ రీళ్ల సంఖ్య మీదే. 16 అని కనిపిస్తే నేల టికెట్టు వాళ్లు ఈలలు వేసేవాళ్లు. రీలు దాదాపు 1000 అడుగులు, అంటే 11 నిమిషాలు. 16 రీళ్లంటే మూడు గంటలకు కాస్త తక్కువ, డబ్బులు గిట్టినట్టే.

బొమ్మ తెగితే ఆపరేటరు చివర్లు కత్తిరించి అతికించేవాడు. ఆ ముక్కల కోసం పొద్దున్నే ప్రొజెక్టరు గది వెనక మేం హాజరు. బడిలో వాటికి మారకం ఉండేది: హీరో ముఖానికి రెండు గోళీలు, ఫైటుకు ఐదు. ఫైటు ముక్కల్లోనే మోసపోయేవాళ్లం. జానెడు ముక్కలో డజను బొమ్మలుంటాయి, తెర మీద అర సెకను. ఆ డజనులోనూ హీరో చెయ్యెత్తే ఉంటాడు. దెబ్బ తగిలే ముక్క కోసం ఏడాదంతా వెతికాను, దొరకలేదు.

మాడిపోయిన బల్బు మూతి ఊడదీసి, నీళ్లు నింపి, అద్దంతో ఎండను మళ్లించి, నాయన పంచె మీద సినిమా వేసేవాళ్లం. రీలు తలకిందులుగా పెడితేనే హీరో నిటారుగా నిలబడేవాడు. పంచె మీద నీళ్లు పడ్డాక ఏం జరిగిందో ఇక్కడ అనవసరం.

కామెంట్లలో ఒంగోలు నుంచి ఒకరు: అన్నా, మా అమ్మ మిషను కుడుతుంది. మాకు రీలంటే దారపు రీలే. ఇప్పటికీ "తెల్ల రీళ్లు రెండు పట్రా" అంటుంది. ఆమె దగ్గర రీల్స్ అనే ధైర్యం నాకు లేదు.

సూళ్లూరుపేట నుంచి: మావైపు ఇంకో రీలుంది. "రీలు వదలబాక" అంటే కోతలు కోయొద్దని. అరవంలోనూ "రీల్ విడాదే" అంటారు. ఇది గాలిపటం దారం నుంచి వచ్చిందని మా తాత, సినిమా నుంచి వచ్చిందని నేను.

నా జవాబు: అక్కా, నా ఓటు మీ తాతకే. సినిమా రీలును వేస్తారు, తిప్పుతారు. వదిలేది దారాన్నే. "సినిమా వదిలారు" అంటే మనకు ఆట అయిపోయినట్టు కదా!

సూళ్లూరుపేట: అరవంలో "విడు" దేనికైనా వస్తుందన్నా, పొగ విడవడానికి కూడా. క్రియను బట్టి తేల్చేస్తే ఎట్టా?

నేను: అదీ నిజమే. అయినా ఓటు మార్చను.

కందుకూరు నుంచి: ఇంతకీ ఫోనులోవాటిని రీళ్లంటే పిల్లలు నవ్వుతారు. ఏమందాం?

నేను: పిల్లలవి రీల్స్, మనవి రీళ్లు, ఉండనీండి. రెండూ వేరే సరుకులే. "ఒక రీల్స్" దగ్గర మాత్రం నేను అడ్డం పడుకుంటా.

ఇప్పుడు మా అమ్మాయి పంచె సినిమా చూడాలంటోంది, రీల్ తీయడానికే అనుకోండి. కావలిలో రెండు కొట్లు అడిగాను, అన్నీ ఎల్ఈడీలే. ఎవరి అటక మీదైనా పాత గాజు బల్బు ఉంటే చెప్పండి, మాడిపోయినా పర్లేదు.