పావెల్ ఇంటిపేరు: 1790 కంటే వెనక్కి వెళ్లడం ఎలా?

ప్రశ్న: మా అల్లుడిది వేల్స్, ఇంటిపేరు పావెల్. వాళ్ల వంశవృక్షం రాస్తున్నాం. 1851 జనాభా లెక్కల్లో రాడ్నర్‌షైర్‌లో డేవిడ్ పావెల్, రైతు, వయసు 61 అని దొరికింది. పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం) పేరూ ఉంది. కానీ ఆ పారిష్ రిజిస్టర్లో 1790 ప్రాంతంలో పావెల్ పేరుతో బాప్తిస్మం ఒక్కటీ లేదు. పదో శతాబ్దపు రాజు హవెల్ ద్దా సంతతి అని ఒక సైట్లో చదివాం. నిజమేనా అండీ?

జవాబు: రాజు మాట పక్కన పెట్టేయండి. పావెల్ అంటే ‘అప్ హవెల్’, అంటే హవెల్ కొడుకు. హవెల్ అన్నది అక్కడ ఊరూరా పెట్టుకున్న పేరు. ఏ హవెల్‌కి పుట్టినవాడైనా అప్ హవెలే. కాబట్టి ఇద్దరు పావెల్‌లకి చుట్టరికం ఉండాలని లేదు. పైగా రాజు పోయింది 950లో, ఇంటిపేర్లు స్థిరపడటం మొదలైంది దాదాపు 16వ శతాబ్దంలో. ఇంగ్లండ్‌లో పాల్ అనే పేరు నుంచి వచ్చిన పావెల్‌లూ కొందరున్నారు. వంశచిహ్నం అచ్చువేసి అమ్మే సైట్లకి డబ్బు కట్టకండి.

ఇక బాప్తిస్మం. మీరు పావెల్ అని వెతకడమే ఇబ్బంది. మన ఇంటిపేరులా తరతరాలకీ ఒకటే కాదది, కొన్ని కుటుంబాల్లో అప్పటికింకా తరానికోసారి మారేది. 18వ శతాబ్దానికి ‘అప్’ రాయడం చాలాచోట్ల మానేశారు, పద్ధతి మాత్రం మిగిలింది. జాన్ కొడుకు హవెల్‌ని ‘హవెల్ జాన్’ అని రాస్తారు. అతని కొడుకు డేవిడ్ ‘డేవిడ్ హవెల్’ అవుతాడు, లేదా డేవిడ్ పావెల్. అన్నదమ్ముల్లోనే ఒకరు హవెల్స్, ఇంకొకరు పావెల్ కావచ్చు. మీ డేవిడ్ తండ్రి రిజిస్టర్లో హవెల్ జాన్‌గానో హవెల్ థామస్‌గానో ఉండే అవకాశం ఉంది.

పాత రికార్డులు వెతికే సైట్లు ఫైండ్‌మైపాస్ట్‌లో గానీ ఫ్యామిలీసెర్చ్‌లో గానీ ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయండి. బిడ్డ పేరు డేవిడ్, తండ్రి పేరు హవెల్, పారిష్, 1785 నుంచి 1795 వరకు అని ఇవ్వండి. హోవెల్, హోయెల్ అన్న వర్ణక్రమాలతోనూ చూడండి. డేవిడ్ బదులు డేవిడ్ వెల్ష్ రూపం డావిద్ కూడా. సూచికలో లేకపోతే రిజిస్టర్ బొమ్మలే తిప్పాలి, పేజీ పేజీ.

మరో సభ్యురాలు: పొలం పేరు మర్చిపోకండి. మనిషి పేరు మారినా పొలం పేరు మారదు, ఒకే పేరున్న ముగ్గురు డేవిడ్‌లని విడదీసేది అదే. 1851 ఎంట్రీలో పొలం పేరు ఉంటే రాసుకుని, అబరిస్ట్విత్‌లోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ సైట్లో టైత్ మ్యాపుల్లో (చర్చికిచ్చే పదోవంతు లెక్క కోసం గీసిన పొలాల పటాలు) చూడండి. 1840ల నాటి యజమాని, కౌలుదారు పేర్లుంటాయి. 1858కి ముందటి వీలునామాలు కూడా అక్కడే ఉచితం. తండ్రి వీలునామాలో పిల్లల్ని పేరుపేరునా రాస్తారు కాబట్టి, ‘హవెల్ జాన్’ అని సంతకం పెట్టినాయన కొడుకు ‘డేవిడ్ పావెల్’ అని తేలితే అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ప్రశ్న: వాళ్లు చాపెల్‌కి వెళ్లేవాళ్లట. చర్చి రిజిస్టర్లో ఉంటారా?

జవాబు: చాపెల్ అంటే ఆంగ్లికన్ (అధికారిక) చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవుల ప్రార్థనామందిరం కాబట్టి, బాప్తిస్మం ఉండకపోవచ్చు. పాత చాపెల్ రిజిస్టర్లు చాలావరకు లండన్‌లో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్.జి.4 వరుసలో ఉన్నాయి. పెళ్లి మాత్రం చర్చి రిజిస్టర్లోనే వెతకండి: 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖ), యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే చేసుకోవాలి. డేవిడ్ పిల్లల బాప్తిస్మాలు 1813 తర్వాతవైతే అచ్చు ఫారంలో తండ్రి వృత్తి, నివాసం గడులుంటాయి. అక్కడ పొలం పేరు కలిస్తే మీ మనిషే.

ఇంకో మాట, 1841 లెక్కల్లో వయసు నమ్మకండి. 15 దాటినవాళ్ల వయసుని అయిదుల్లోకి తగ్గించి రాశారు. 51 అయితే 50 అని ఉంటుంది.