నడుం పట్టేస్తే తొక్కియ్యాల్నా, కాపుడం చాలా?

చండూరు_బిడ్డ:
పత్తి ఏరే రోజులొస్తే మా అమ్మకు నడుం పట్టేస్తది. మంచం మీదికెళ్లి లేవాలంటే గోడ పట్టుకోవాలె. ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండు దినాలు మంచిగుంటది, మళ్ల షురూ. పెద్ద దవాఖానల నడుముకు ఎక్స్‌రే తీసిన్రు, గోలీలు రాసిన్రు, బెల్టు పెట్టుకొమ్మన్నరు. ఇప్పుడు ఇంట్ల తలా ఓ మాట. పక్కూర్ల ఎదురుకాళ్లతోని పుట్టినాయనతో తొక్కియ్యమని పెద్దమ్మ. ఏదో పొడి తెస్తనని చిన్నాయన. పాలమూరుల హిజామా (చర్మానికి చిన్న గాట్లు పెట్టి కప్పులతోని రక్తం గుంజుడు) చేయించుకుంటే తనకు తగ్గిందని వదిన. ‘డాక్టర్‌కు చూపియ్యి’ అని మాత్రం అనకున్రి, చూపిచ్చినం.

జడ్చర్ల_లారీ:
తొక్కియ్యి తమ్మీ. లారీ నడిపేటోళ్లకు ఈ నొప్పి సంగతి వేరే చెప్పాల్నా? నాకు పట్టేసినప్పుడల్లా అసుంటి ఒకాయన దగ్గరికే పోత. బోర్ల పండబెట్టి, మడిమతోని నడుం రెండు పక్కల ఒత్తుకుంట వస్తడు, ఆఖరికి ఒక్క తన్ను. లేచి పోయి లారీ ఎక్కిన. పైస తీసుకోడు, కొబ్బరికాయ కొట్టమంటడు.

నల్లగొండ_ఫిజియో:
అన్నా, మీకు తగ్గలేదని నేననను. కానీ కండరం పట్టేసిన నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నొప్పి బాగా ముదిరిన రోజే మనం ఎవరి దగ్గరికైనా పరుగెత్తుతాం. అక్కడి నుంచి అది ఎట్లాగూ తగ్గేదే. పేరు మాత్రం ఆఖరున చెయ్యి వేసినవాళ్లకు పోతుంది.

ఇక అడిగింది చండూరు నుంచి, నాకు భయం అక్కడే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరునీళ్ల సంగతి అందరికీ ఎరుకే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్ అక్కడ ఎన్నో ఊళ్లలో అంతకు రెట్లకు రెట్లు ఉండేది. ఏండ్లకేండ్లు ఆ నీళ్లు తాగితే వెన్నుపూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు ఎముకలాగా గట్టిపడతాయి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. అట్లాంటి వెన్ను మీద ఒక మనిషి బరువు పడితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది.

తమ్ముడూ, నొప్పి లేని రోజు చూసి అమ్మతో మూడు పనులు చేయించు. మోకాళ్లు వంచకుండా నేల మీది రూపాయి బిళ్ల తీయమను. గడ్డం ఛాతీకి ఆనించమను. రెండు చేతులు మెడ వెనక్కి పెట్టమను. ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు, అనుమానం ఉన్న ఊళ్లలో ముందు చూసేవి ఇవే.

జడ్చర్ల_లారీ:
ఇప్పుడు ఇంటింటికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే కదా డాక్టరుసాబ్?

నల్లగొండ_ఫిజియో:
నీళ్లు మారినయి, మంచిదే. చిన్నప్పటి సంది ఎముకలో చేరింది మాత్రం అంత తొందరగా పోదు. వాళ్లమ్మ తరం తాగింది బోరునీళ్లే.

పాలమూరు_కోడలు:
పొడి సంగతి నేను చెప్త. మా మామయ్య పేరు లేని పొట్లాలు నెలల తరబడి వాడిండు. మొదట్ల పొలంకాడికి ఉరికిండు, మేమంతా మురిసిపోయినం. తర్వాత మొకం గుండ్రంగ ఉబ్బింది, షుగర్ వచ్చింది. అండ్ల స్టెరాయిడ్ కలిసి ఉంటదని పెద్ద డాక్టర్ అన్నడు. ఇప్పటికే వాడేటోళ్లు ఉంటే ఒక్కసారే బందు పెట్టకున్రి, అది గూడ ప్రాణం మీదికి తెస్తదట. పొట్లం పట్టుకపోయి డాక్టర్‌కు చూపియ్యిన్రి.

వావిలాకు:
ఆయుర్వేదం హౌస్‌సర్జన్ చేస్తున్నాను. పేరు లేని పొట్లాన్నీ మా వైద్యాన్నీ ఒకే గాటన కట్టకండి, బాధగా ఉంటుంది. కటి బస్తి అంటే నడుము మీద మినప్పిండితో గట్టు కట్టి, గోరువెచ్చని తైలం పోసి, చల్లారినకొద్దీ మార్చడం. దాంట్లో ఎవరూ వెన్నును విరిచేది లేదు. ఇంట్లో అయితే వావిలాకు నీళ్లలో మరగబెట్టి, ఆ నీళ్లలో గుడ్డ ముంచి పిండి కాపండి. షుగర్ ఉండి తిమ్మిర్లు ఉన్నవాళ్లకు కాక తెలియదు, ముందు మీ చేతి మీద వేసి చూసుకోండి.

ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పి మీద సూచనలిచ్చింది. వ్యాయామం, మర్దన, ఆక్యుపంక్చర్ పనికొస్తాయంది. బెల్టు, ట్రాక్షన్ (నడుమును సాగదీసి గుంజి పట్టడం) మామూలుగా వద్దంది. పెద్ద దవాఖానల్లో ఇప్పటికీ ముందు చేతికిచ్చేది ఆ బెల్టే!

నల్లగొండ_ఫిజియో:
నిజమే. వెన్నును చేత్తో సరిచేసే పద్ధతి కూడా ఆ సూచనల్లో ఉంది. కాకపోతే అది నేర్చుకున్నవాళ్లు, మనిషిని పరీక్షించాక చేసేది. హిజామాకు గట్టి రుజువు లేదు. చేయించుకునేవాళ్లు కొత్త బ్లేడు కళ్లముందర విప్పించుకోవాలి. రక్తం పల్చబడే గోలీలు వేసుకునేవాళ్లు దాని జోలికే పోవద్దు.

చండూరు_బిడ్డ:
చేయించి చూసిన. గడ్డం ఆనింది, చేతులు మెడ వెనక్కి పోయినయి. బిళ్ల మాత్రం అందలే, సగానికే ఆగింది. పెద్దమ్మ ఇంకా తొక్కియ్యమనే అంటున్నది.

జడ్చర్ల_లారీ:
నేనైతే పోత, నాకు నమ్మకం. కాని మీ అమ్మను ఇప్పుడే తీస్కపోకు తమ్మీ. ఈ ఫ్లోరైడ్ సంగతి తేలినంక చూద్దాం.

నల్లగొండ_ఫిజియో:
బిళ్ల అందకపోవడం నడుము పట్టు వల్ల కూడా కావచ్చు, అప్పుడే భయపడకు. ఈసారి ముంజేతికి ఎక్స్‌రే అడుగు. ఫ్లోరోసిస్ ఉంటే రెండెముకల నడుమ ఉండే పొర గట్టిపడిన జాడ అందులో దొరుకుతుంది. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా చేయించు. అప్పటిదాకా కాపుడం, రోజూ కొంత నడక. మంచానికి అంటుకుపోవద్దు. చేన్లో ఒడి నిండేదాకా ఆగకుండా సగంలోనే గుమ్మరించమను, ఆ బరువంతా నడుమునే ముందుకు గుంజుతుంది. కింది కాయలకు వంగుడు కాకుండా కూర్చుని ఏరమను. మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా, తొడల సందున మొద్దుబారినా, కాలు ఈడ్చినా అదే రాత్రి పెద్దాసుపత్రికి తీసుకపో. జ్వరంతో పాటు బరువు తగ్గుతుంటే వెన్నెముక టీబీ కూడా చూడమని అడుగు.