డేటా సెంటర్ల కోసం కట్టే విద్యుత్ వ్యవస్థ భారం చివరికి ఎవరి మీద పడుతుంది?

ప్రశ్న: దీపస్తంభం

కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్ల గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. చదివే కొద్దీ సందేహాలు తీరాల్సింది పోయి పెరుగుతున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిసి సుమారు 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్ వాడుకున్నాయి. ఇది మొత్తం వినియోగంలో దాదాపు ఒకటిన్నర శాతం. 2030 నాటికి అది రెట్టింపు దాటి 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చని ఆ సంస్థ అంచనా. అప్పటికీ మొత్తంలో మూడు శాతానికి లోపే ఉంటుంది.

ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతం ఎందుకని ఒక పక్షం అడుగుతోంది. గ్రిడ్లు తట్టుకోలేవని, సామాన్యుల బిల్లులు పెరిగిపోతాయని మరో పక్షం హెచ్చరిస్తోంది. ఇద్దరి దగ్గరా అంకెలున్నాయి, అయితే ఒకరి అంకె మరొకరి వాదనకు జవాబుగా కనిపించడం లేదు. అసలు వివాదం ఎంత విద్యుత్ కావాలన్న దాని మీదా, లేక మరి దేని మీదైనానా? విద్యుత్ రంగంలో పనిచేసినవారు వివరిస్తే కృతజ్ఞుడిని.

జవాబు: మీటరు లెక్క

విద్యుత్ ధరల పిటిషన్లు తయారు చేసే పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిని కనుక ఆ వైపు నుంచే చెబుతాను. ప్రపంచ సగటు ఇక్కడ దారి తప్పిస్తుంది. డేటా సెంటర్లు నేల మీద సమానంగా పరుచుకోవు. ఫైబర్ తీగలు, భూమి, పన్ను రాయితీలు ఎక్కడ దొరికితే అక్కడ గుంపుగా చేరతాయి. ఐర్లండ్‌లో 2015లో మీటర్ల ద్వారా నమోదైన విద్యుత్‌లో వీటి వాటా అయిదు శాతం ఉండగా, 2023 నాటికి 21 శాతమైంది. ఆ ఏడాది అక్కడి పట్టణ గృహాలన్నీ కలిసి వాడింది 18 శాతమే. డబ్లిన్ పరిసరాల్లో కొత్త కనెక్షన్లు ఇవ్వడాన్ని గ్రిడ్ సంస్థ దాదాపుగా ఆపేయవలసి వచ్చింది. సింగపూర్ కూడా 2019 నుంచి 2022 వరకు కొత్త కేంద్రాలకు అనుమతులు నిలిపివేసింది.

ఇక మీ అసలు ప్రశ్న. నా ఉద్దేశంలో వివాదమంతా కాలాల మధ్య తేడాలో ఉంది. భవనం రెండు మూడేళ్లలో లేస్తుంది. దానికి కావలసిన హైవోల్టేజీ లైనుకు భూసేకరణ, అనుమతులు, నిర్మాణం కలుపుకుంటే పదేళ్లు పట్టడం వింత కాదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల కోసం, గ్యాస్ టర్బైన్ల కోసం ఏళ్ల తరబడి వరుసలో నిలబడాలి. అంతకన్నా ముఖ్యమైనది ఖర్చు రాబట్టుకునే కాలం. లైను పెట్టుబడిని ముప్పై నలభై ఏళ్ల పాటు వినియోగదారులందరి బిల్లుల్లో సర్ది వసూలు చేస్తారు. ఎవరి కోసం ఆ లైను వేశారో ఆ కంపెనీ లోపలి చిప్‌లు అయిదారేళ్లకే పాతబడతాయి. ఈలోగా ఆ కంపెనీ మనసు మార్చుకుంటే లైను అక్కడే ఉంటుంది, అప్పు కూడా అక్కడే ఉంటుంది. కట్టవలసింది మాత్రం మిగిలినవారే.

ఇది ఊహాగానం కాదని చెప్పడానికి నేను చూసినది ఒకటి చెబుతాను. ఒక విచారణ కోసం పెద్ద కనెక్షన్ల దరఖాస్తులు పరిశీలిస్తున్నప్పుడు, మూడు వేర్వేరు సబ్‌స్టేషన్లకు వచ్చిన మూడు దరఖాస్తుల్లో అడిగిన మెగావాట్లు ఒకటే, ప్రారంభ తేదీ ఒకటే, చివర సంతకం చేసిన కన్సల్టెంటు కూడా ఒకరే. దరఖాస్తుదారుల పేర్లు మాత్రం మూడు. కట్టబోయేది ఒక కేంద్రమే. ఎక్కడ ముందు కనెక్షన్ దొరికితే అక్కడ కడతారు. అంచనా పట్టికలో మాత్రం ఆ లోడు, అంటే గ్రిడ్ నుంచి తీసుకునే విద్యుత్, మూడుసార్లు పడింది.

దీనికి విరుగుడుగా అమెరికాలోని ఒహాయోలో 2025 జూలైలో విద్యుత్ నియంత్రణ మండలి కొత్త టారిఫ్‌ను, అంటే ధరల నిబంధనలను, ఆమోదించింది. 25 మెగావాట్లు దాటిన కొత్త డేటా సెంటర్ ఎంత సామర్థ్యం అడిగిందో అందులో కనీసం 85 శాతానికి, వాడినా వాడకపోయినా, 12 ఏళ్ల వరకు చెల్లించాలి. ఆ నిబంధన వచ్చాక అక్కడి పంపిణీ సంస్థ దగ్గర వేచి ఉన్న దరఖాస్తులు దాదాపు 30,000 మెగావాట్ల నుంచి 13,000 మెగావాట్లకు తగ్గాయి. సగానికి పైగా గాలి మూటలేనన్నమాట. నిబంధన భారమై వెళ్లిపోయినవారు కూడా అందులో కొందరుంటారని ఒప్పుకుంటాను.

బిల్లుల పెరుగుదల గురించి ఒక్క మాట. అమెరికాలో 13 రాష్ట్రాలకు విస్తరించిన పీజేఎం గ్రిడ్‌లో, పీక్ డిమాండ్ సమయానికి అందుబాటులో ఉంటామని హామీ ఇచ్చినందుకు విద్యుత్ కేంద్రాలకు చెల్లించే వేలం ధర 2024–25కు మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లు ఉండగా, 2025–26కు 269.92 డాలర్లయింది. ఆ తరువాతి వేలంలో గరిష్ఠ పరిమితిని తాకి 329.17 దగ్గర ఆగింది. పాత విద్యుత్ కేంద్రాలు మూతపడటం, లెక్కింపు పద్ధతి మారడం కూడా ఇందుకు కారణాలే. అయినా ఆ మార్కెట్‌ను స్వతంత్రంగా పర్యవేక్షించే సంస్థ ప్రధాన కారణంగా డేటా సెంటర్ల లోడునే చూపింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ లోడులో కొంత ఇంకా నేల మీదకు రాని అంచనా.

జవాబు: రిలే గది

సబ్‌స్టేషన్ల రక్షణ వ్యవస్థలు నా పని. డబ్బు సంగతి పైన వివరంగా వచ్చింది కనుక నేను సాంకేతిక కోణానికే పరిమితమవుతాను. చాలామంది ఈ కేంద్రాలను రోజంతా ఒకే తీరున నడిచే బుద్ధిమంతమైన లోడుగా భావిస్తారు. 2024 జూలై 10 సాయంత్రం అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో జరిగింది చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

ఒక 230 కిలోవోల్టుల లైనులో లోపం ఏర్పడింది. తనంతట తానే మళ్లీ కలుపుకోవడానికి లైను ప్రయత్నించిన ప్రతిసారీ వోల్టేజీ క్షణకాలం పడి లేచింది; నిమిషంన్నర లోపు ఇలా ఆరుసార్లు జరిగింది. గ్రిడ్‌కు ఇవి అలవాటైన కుదుపులే. ఇంట్లో దీపం ఒకసారి మినుకుమంటుంది, అంతే. డేటా సెంటర్లలోని యూపీఎస్‌లకు నేర్పిన లెక్క వేరు. నిమిషంలో మూడుసార్లు వోల్టేజీ తప్పితే బయటి సరఫరాను వదిలేసి సొంత ఏర్పాటుకు మారిపోవాలి, మనిషి వచ్చి చేత్తో తిరిగి కలిపే దాకా అక్కడే ఉండిపోవాలి. అరవైకి దరిదాపుల్లో ఉన్న కేంద్రాలు ఒకే పాఠం నేర్చుకున్నాయి కనుక అన్నీ కలిసి తప్పుకున్నాయి. దాదాపు 1,500 మెగావాట్ల లోడు ఒక్కసారిగా మాయమైంది. ఉత్పత్తి అంతా ఉంది, తీసుకునేవారు లేరు. ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ రెండూ పైకి లేచాయి. నియంత్రణ గదిలోని వారు వోల్టేజీని పెంచే పరికరాలైన కెపాసిటర్ బ్యాంకులను తప్పించి వోల్టేజీని అదుపులోకి తెచ్చారు.

మా శిక్షణ అంతా ఒక పెద్ద విద్యుత్ కేంద్రం హఠాత్తుగా ఆగిపోతే ఏం చేయాలన్న దాని చుట్టూ తిరిగింది. అంత పెద్ద లోడు చెప్పాపెట్టకుండా లేచిపోవడం కొత్త సమస్య. అందుకే చిన్న కుదుపులను తట్టుకుని నిలబడాలన్న షరతు కనెక్షన్ ఒప్పందంలోనే ఉండాలని మావాళ్లు పట్టుబడుతున్నారు. యంత్రాల పరంగా అది పెద్ద ఖర్చు కూడా కాదు, చాలావరకు సెట్టింగుల మార్పే.

ఇదే స్వభావంలో ఒక అవకాశం కూడా ఉంది. గ్రిడ్ మీద నిజమైన ఒత్తిడి ఏడాదిలో కొన్ని పదుల గంటలకు మించదు. ఆ గంటల్లో తగ్గించుకోగలిగితే చాలా కొత్త లోడుకు ఉన్న వ్యవస్థలోనే చోటు దొరుకుతుంది. ఏడాది వినియోగంలో 0.25 శాతం వదులుకోవడానికి సిద్ధపడితే అమెరికా గ్రిడ్లలో సుమారు 76,000 మెగావాట్ల కొత్త లోడు ఇమడగలదని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో లెక్కగట్టారు. ఇందులో లైన్ల రద్దీని పరిగణించలేదు కనుక దీన్ని గరిష్ఠ హద్దుగా చూడటమే క్షేమం. టెక్సాస్ 2025లోనే చట్టం చేసి, 75 మెగావాట్లు, అంతకు మించిన కొత్త లోడ్లను అత్యవసర సమయంలో తగ్గించే ఏర్పాటు తెచ్చింది. కోట్ల డాలర్ల చిప్‌లను గంటసేపు ఖాళీగా ఉంచడం యజమానికి కష్టమే. కాకపోతే కృత్రిమ మేధ మోడల్‌కు శిక్షణ ఇచ్చే పనిని ఆపి మళ్లీ అందుకోవచ్చు. వాడుకరి ఎదురుగా కూర్చున్నప్పుడు జవాబిచ్చే పనిని ఆపలేము. ఒప్పందాల్లో ఈ రెండింటినీ వేరు చేయకపోవడం నాకు వింతగా తోస్తుంది.

జవాబు: పాత చందాదారు

పై ఇద్దరి మాటలతో విభేదం లేదు గానీ, అంచనాల మీద నాకు నమ్మకం తక్కువ. 2010 నుంచి 2018 వరకు ప్రపంచ డేటా సెంటర్లలో కంప్యూటింగ్ పని 550 శాతం పెరిగితే విద్యుత్ వినియోగం పెరిగింది ఆరు శాతమేనని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అంతకు ముందు వచ్చిన భయానక జోస్యాలన్నీ వీగిపోయాయి. ఇప్పుడూ అదే జరుగుతుందని ధీమాగా ఉండలేను, ఎందుకంటే అప్పటి పొదుపులో చాలా భాగం ఆఫీసుల మూలల్లోని చిన్న సర్వర్ గదులు ఖాళీ అయి పెద్ద కేంద్రాలకు తరలడం వల్ల వచ్చింది. అలా సులువుగా దొరికే పొదుపు చాలావరకు అయిపోయింది. అమెరికాలో వీటి వినియోగం 2018లో 7,600 కోట్ల యూనిట్లు, 2023లో 17,600 కోట్ల యూనిట్లు.

నా అభ్యంతరం గోప్యత మీద. ఒరెగాన్ రాష్ట్రంలోని ద డాల్స్ అనే చిన్న పట్టణంలో ఒక డేటా సెంటర్ ఎంత నీరు వాడుతోందో చెప్పమంటే వ్యాపార రహస్యమన్నారు. వివాదం కోర్టుకెక్కాక, పట్టణం వాడే నీటిలో పావు వంతుకు పైగా అక్కడికే వెళ్తోందని బయటపడింది. నీరు పోసి చల్లబరిస్తే విద్యుత్ ఆదా అవుతుంది, నీరు మిగల్చాలంటే విద్యుత్ ఎక్కువ పడుతుంది. ఏది ఎంచుకోవాలో అక్కడి నీటి పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాలి. అంకెలు దాచిపెడితే నిర్ణయించేది ఎవరు?

ఉద్యోగాల వాదన మీద ఎక్కువ చెప్పను. రెండున్నర లక్షల చదరపు అడుగుల కేంద్రంలో నిర్మాణం ముమ్మరంగా ఉన్నప్పుడు 1,500 మంది, నడిచేటప్పుడు దాదాపు 50 మంది పనిచేస్తారని వర్జీనియా శాసనసభ పరిశీలన సంఘమే 2024 డిసెంబరులో రాసింది.

దీపస్తంభం (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. రెండు విషయాలు ఇంకా మిగిలాయి. కంపెనీలు సొంతంగా విద్యుత్ కేంద్రం కట్టుకుంటే, లేదా ఉన్న అణు కేంద్రం పక్కనే చేరితే ఈ తగవే ఉండదు కదా? అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో 2019లో మూతపడిన రియాక్టరును తిరిగి నడపడానికి మైక్రోసాఫ్ట్ 20 ఏళ్ల ఒప్పందం చేసుకున్నదని చదివాను. రెండవది, లైను నలభై ఏళ్లదైతే ఒహాయో షరతు 12 ఏళ్లకే ముగుస్తుంది. పదమూడో ఏట ఏమవుతుంది?

జవాబు: మీటరు లెక్క

మొదటిదానికి: మీరు చెప్పిన ఒప్పందంలో మూతపడిన 835 మెగావాట్లు గ్రిడ్‌కు తిరిగి వస్తాయి కనుక అది కొత్తగా చేరిన సామర్థ్యమే. నడుస్తున్న కేంద్రం పక్కన చేరడం వేరే కథ. పెన్సిల్వేనియాలోని సస్క్వెహన్నా అణు కేంద్రం పక్కనున్న అమెజాన్ డేటా సెంటర్‌కు నేరుగా ఇచ్చే సరఫరాను 300 నుంచి 480 మెగావాట్లకు పెంచాలన్న ఒప్పంద సవరణను అమెరికా కేంద్ర ప్రభుత్వ ఇంధన నియంత్రణ సంస్థ 2024 నవంబరులో 2–1 ఓట్లతో తిరస్కరించింది. అంతవరకు అందరికీ వెళ్తున్న విద్యుత్ ఒకరికి మళ్లుతుంది. ఆ లోటును భర్తీ చేసే ఖర్చు మిగిలినవారిది. పైగా రియాక్టరు మరమ్మతుకు ఆగినప్పుడు డేటా సెంటర్ గ్రిడ్ వైపే చూస్తే, గ్రిడ్ దాని కోసం ఏడాది పొడవునా సిద్ధంగా ఉండవలసిందే. ఆ సిద్ధంగా ఉండటానికే ఖరీదు. చివరకు అమెజాన్, ఆ అణు కేంద్రం యజమాని గ్రిడ్ ద్వారానే, లైన్ల రుసుము చెల్లిస్తూ సరఫరా జరిగే పద్ధతికి మారేలా ఒప్పందం చేసుకున్నాయి.

రెండవదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముందుగా వైదొలగితే చెల్లించవలసిన రుసుము, బ్యాంకు గ్యారంటీ ఉంటే మొదటి 12 ఏళ్ల నష్టం చాలావరకు పూడుతుంది. ఆ తరువాతి భారం తగ్గాలంటే ఆ కస్టమరుకు మాత్రమే పనికొచ్చే సబ్‌స్టేషన్, లైను ఖర్చును ఒప్పంద కాలంలోనే పూర్తిగా రాబట్టాలి. అందరికీ పనికొచ్చే ప్రధాన లైనును ఉమ్మడి ఖర్చుగా ఉంచవచ్చు. ఇంకొకటి కూడా నిజాయతీగా చెప్పాలి. మిగులు సామర్థ్యమున్న చోట పెద్ద లోడు చేరితే స్థిర ఖర్చు ఎక్కువ యూనిట్ల మీద పంచుకుని అందరి ధరా కాస్త తగ్గిన సందర్భాలున్నాయి. అందుచేత నేను ఏ ప్రాజెక్టునూ చూడగానే వద్దనను. పిటిషన్ చేతికి రాగానే ముందు తిరగేసేది లోడు అంచనా అనుబంధాన్ని. అందులో ఎన్ని మెగావాట్లు సంతకమైన ఒప్పందాలవి, ఎన్ని ఉత్త దరఖాస్తులవి అన్న విభజన లేకపోతే, మిగతా పేజీలు చదవకుండానే మొదటి అభ్యంతరం రాసేస్తాను.